సలోమి వదిన సాక్ష్యం

నాచారం,
ఆదివారం, ఆరాధన ముగిసి, అన్నాలు తిన్నాక.

మహా ఘనత వహించిన మా అమ్మ సంతోషమ్మ గారి సముఖమునకు, ఆమె కడగొట్టు కూతురు, బి.ఎస్సీ. రెండో తరగతిలో గట్టెక్కిన కృప, ప్రభువు పేరట అనేక వందనాలు చెప్పి రాసుకొనునది.

ఇక్కడ అన్న, వదిన, నేను ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వు, నాన్న, నాన్న మోకాళ్ళు, బర్రె, దూడ క్షేమమని తలుస్తాను. నాన్న మోకాళ్ళను విడిగా అడగడానికి కారణముంది. అవి బాగున్న రోజున ఇల్లంతా బాగుంటుంది, లేని రోజున కుక్క కూడా గడప దాటదు.

ముందుగా ఒక మనవి. ఈ ఉత్తరం ఎవరితోనూ చదివించుకోవద్దు. బైబిలు చదివే అద్దాలు పెట్టుకుని నువ్వే చదువు. నాన్నకు ఎంతవరకు వినిపించాలో, ఎక్కడ దగ్గి ఆపేయాలో నీ ఇష్టం. భయపడే సంగతి ఏమీ లేదు. ముగ్గురం క్షేమమని పైన రాశానా, అది అబద్ధం కాదు. మళ్ళీ రాస్తున్నాను, ముగ్గురం క్షేమం.

నా ఉద్యోగం నడుస్తున్నది. రసాయన శాస్త్రం అభ్యసించిన నీ కుమార్తె, నాచారంలోని మాత్రల కంపెనీలో, ఒక్కో అట్టలో అన్ని గుంటల్లోనూ మాత్ర ఉన్నదా, ఏదైనా గుంట ఖాళీగా పోతున్నదా అని పొద్దుటి నుండి సాయంత్రం దాకా తేరిపార చూస్తుంది. దేశ ఆరోగ్యం నా రెండు కళ్ళ మీద నిలబడి ఉన్నది. అందుకే కళ్ళు మండుతున్నాయి. వానలు మొదలయ్యాయి. ఇక్కడ వాన పడితే మట్టి వాసన రాదు, ఏదో ఒక కంపెనీ వాసన వస్తుంది. ముక్కు ఎగబీల్చి గాలి ఎటు నుంచి వీస్తున్నదో చెప్పగలిగే దశకు చేరుకున్నాను. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అన్నం బాగానే తింటున్నాను, కానీ ఇక్కడి చింతకాయ తొక్కుకు పులుపు తెలియదు. మనిషి ఎవరైనా వస్తే ఒక సీసా పంపు.

సాయంత్రం కంపెనీ నుంచి నడిచి వస్తుంటే ఒక్క మనిషి కూడా "ఏం బిడ్డా, ఏడికెళ్ళి వస్తున్నవ్?" అని అడగడు. ఊళ్ళో ఆ ప్రశ్నకు ఎన్నిసార్లు మొహం చిట్లించానో నీకు తెలుసు. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆగి, కంపెనీ చరిత్ర అంతా చెప్పాలని ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. యోహాను మామ నువ్విచ్చిన సంచి తీసుకుని పోయిన నెలలో ఒక శనివారం వచ్చాడు. చెప్పులు విడవకముందే గడపలోంచి మొదలుపెట్టాడు.

"ఏమమ్మా సలోమీ, మీ అత్త గుడిల నిలవడి స్తోత్రం జెప్పింది. సంతోషానికి ఎక్కెక్కి ఏడ్సింది పో. ఇగ ఊరంత ఎరుకైంది. నువ్వు జర బరువులు లేపకు బిడ్డా."

వదిన అతని చేతిలోంచి సంచి అందుకుంది. నువ్వుల ముద్దలు, సకినాలు, మళ్ళీ ఇంకో విడత మందుపొడి, అన్నిటికీ అడుగున నీ పాత చీరలతో కుట్టిన చిన్న బొంత. వదిన బొంతను ఒళ్ళో పరుచుకుని కుట్టు మీద వేలు పోనిచ్చింది. "అత్తమ్మ ఎంత సన్నగ కుట్టింది సూడు కృపా" అన్నది. మామకు చాయ పెట్టడానికి లోపలికి పోయింది.

అమ్మా, ఇప్పుడు రాయబోయే వాక్యం చిన్నది. దాని కోసం చాలా కాగితాలు చింపాను. వదిన నీళ్ళు పోసుకోలేదు.

నీకు ఎవరూ అబద్ధం చెప్పలేదు. మా పక్కింటి రాజమణక్క తన తమ్ముడితో నీకు కబురు పంపింది కదా, ఆమె చూసినవన్నీ నిజాలే. వదినకు చాలా నెలలుగా ముట్టు రాలేదు, నిజం. ఒళ్ళు చేసింది, నిజం. మొహం మీద ఎన్నడూ లేని మొటిమలు వచ్చాయి, అదీ నిజం. పక్కింట్లో ఇన్ని నిజాలు పోగైతే ఏ ఆడమనిషైనా ఒకటే లెక్క కడుతుంది. అసలు జరిగిందేమిటో మొదటి నుండి చెప్తాను, కూర్చుని చదువు.

వదినకు నెలనెలా నొప్పి వస్తుందని నీకు తెలుసు. ఎంత నొప్పి అన్నది నీకు తెలియదు, ఒకే ఇంట్లో ఉండి నాకూ తెలియలేదు. పెళ్ళైనప్పటి నుండి పిల్లలు కాలేదని నువ్వు అశోక పట్ట, లొద్దుగు చెక్క, పిల్లిపీచర గడ్డలు ఎండబెట్టి దంచి, బట్టలో జల్లించి పొడి పంపావు. పంపుతూ ఒక కట్టడ పెట్టావు గుర్తుందా? "ఈ పొడి తాగినన్ని దినాలు ఇంగ్లీషు గోలి నోట్లె ఎయ్యొద్దు, మందు ఇరుగుతది" అని. వదిన ఆ మాటను పదకొండో ఆజ్ఞగా స్వీకరించింది. నొప్పి వచ్చిన రోజుల్లో తలుపు దగ్గరికి వేసుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేది తప్ప గోలి వేసుకోలేదు. ఆ పొడికి ముగింపు కూడా లేదు. అన్న నీకు రాసే కార్డులో ప్రతిసారీ "మందు మంచిగనే పని చేస్తున్నది" అని రాసేవాడు. వదినే అలా రాయమనేది. అది చదివి నువ్వు సంతోషంగా ఇంకో విడత పంపేదానివి. నువ్వు ఆపమన్నప్పుడు ఆపుదామని ఆమె, ఆమె చాలన్నప్పుడు ఆపుదామని నువ్వు. ఇంత మర్యాదగల అత్తాకోడళ్ళను ఉప్పల్ నుండి వరంగల్ దాకా గాలించినా చూడలేం.

పోయిన చలికాలంలో అన్నోజిగూడలో పెళ్ళి ఉండి, నేనూ వదినా పట్టుచీరలు కట్టుకుని ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడ్డాము. మాట్లాడుతూ మాట్లాడుతూ వదిన బస్టాపు గుంజ పట్టుకుంది. మొహంలో నెత్తురు లేదు. అలాగే జారి, పట్టుచీరతోనే నేల మీద కూర్చుంది. పక్కన జామకాయలమ్మే ఆమె పరుగున వచ్చి, "పురుటి నొప్పులా బిడ్డా? ఎన్నో నెల?" అని అడిగింది. అంత నొప్పిలోనూ వదిన ఆమెకు జవాబు చెప్పాలని చూసింది.

నా సంచిలో నొప్పి మాత్రలున్నాయి. పొద్దస్తమానం వాటి మొహాలే చూసేదాన్ని, సంచిలో ఉండక ఏం చేస్తాయి! తీసి ఇచ్చాను.

"వద్దు కృపా. మందు ఇరుగుతది."

"నువ్వు ఇరుగుతున్నవ్ వదినా ఈడ! మందు ఇరిగితె అమ్మ మల్ల దంచి పంపుతది. నిన్ను యాడికెళ్ళి తెమ్మంటవ్?"

"అత్తమ్మకేం జెప్త మరి?"

"నేన్జెప్త. ఆడబిడ్డ అర్ధమొగుడంటరు గదా, సగం హుకుం నాది. నోరు తెరువు."

తెరిచింది. ఆటో పట్టుకుని మల్కాజిగిరిలో ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పెళ్ళి భోజనం పోయింది. ఆ త్యాగాన్ని చరిత్రలో నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను.

డాక్టరమ్మది గుంటూరు వైపు. మాట గట్టిది, చెయ్యి మెత్తనిది. "ఏమ్మా, ఇంత నొప్పి ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

"పెద్దమనిషినైన కాడికెళ్ళి, అమ్మా."

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

"ఏం జెప్తం? అందరికుండేదే గదా."

"అందరికీ ఉండేది వేరు తల్లీ. బస్టాపులో కూలబడేంత నొప్పి ఉండాల్సిన పని ఎవరికీ లేదు" అన్నది ఆమె. ఆ మాటకు వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికి కూడా ఏడవని మనిషి అమ్మా.

స్కానింగు తీశాక జబ్బు పేరు చెప్పింది, ఎండోమెట్రియోసిస్. నాలాంటి పట్టభద్రురాలికే రెండుసార్లు తడబడింది నాలుక. నీకు అర్థమయ్యేలా చెప్తాను. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిదే సంచికి బయట కూడా అక్కడక్కడ పెరుగుతుంది. నెలనెలా లోపలి పొరకు నెత్తురొచ్చినట్టే దానికీ వస్తుంది, కానీ బయటికి పోవడానికి దారి లేదు. లోపలే పేరుకుని, పేగులకూ సంచికీ అతుకులు పడి, అండాశయం మీద గడ్డ కడుతుంది. అందుకే ఆ నొప్పి, పిల్లలు కాకపోవడానికీ అదే కారణం కావచ్చు. ఆ గడ్డను వాళ్ళు చాక్లెట్ గడ్డ అంటారట, లోపలి పాత నెత్తురు ఆ రంగులో ఉంటుందని. నేను నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు. నేనూ మానేశాను.

"ఇంట్లో ఏవైనా మందులు వాడుతున్నావా?" అని అడిగితే వదిన నోరు విప్పలేదు. తర్వాతి సారి నేనే నీ పొడి పొట్లం తీసుకుపోయి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ విప్పి, వాసన చూసి, ఏమేమి కలిపారో అడిగి రాసుకుంది. కోప్పడుతుందని వదిన నా వెనక్కి జరిగింది. ఆమె కోప్పడలేదు. ఆమె మాటలు నీ కోసం గుర్తుపెట్టుకున్నాను:

"మీ అత్తగారు ప్రేమతో పంపారు, కాదనను. నొప్పికి శొంఠి కషాయం తాగావనుకో, వేడినీళ్ళ కాపడం పెట్టుకున్నావనుకో, హాయిగానే ఉంటుంది. కానీ కట్టిన గడ్డ ఏ పొడికీ కరగదమ్మా. ఈ పొడి నేనిచ్చే మందులతో కలిస్తే ఏమవుతుందో నాకూ తెలియదు, అందుకని ఆపమంటున్నాను. దీన్ని నమ్ముకుని నువ్వు ఎక్కడికీ పోకుండా ఇంట్లో కూర్చున్నావు చూడు, నష్టం అక్కడ జరిగింది."

అంతా విని తల ఊపిన వదిన, ఆపరేషన్ మాట రాగానే బల్ల దిగి చెప్పులేసుకుంది. ఎందుకో నీకు నేను చెప్పనక్కర్లేదు. బొడ్డు దగ్గర చిన్న రంధ్రం పెట్టి గొట్టం దించుతామన్నారు. మన ఊరి ఆడవాళ్ళకు ఆ గొట్టం ఒక్కచోటే ఎరుక, బడిలో క్యాంపు పెట్టి పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్‌లో.

"నడువు కృపా! పిల్లల కోసమని వస్తె పిల్లలు ఆపే ఆపరేషన్ జేస్తదంట ఈమె!"

డాక్టరమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గట్టిగా నవ్వింది. "గొట్టం ఒకటే గానీ చేసే పని వేరు తల్లీ. కత్తిపీట మీద కూరగాయలూ తరుగుతాం, చేపా కోస్తాం. కూర్చో" అన్నది. కానీ మాట మాత్రం ఇవ్వలేదు. గడ్డ తీసి అతుకులు విడదీస్తే నొప్పి తగ్గుతుందని, పిల్లలకు అవకాశం పెరగవచ్చని, తప్పక అవుతారని మాత్రం తాను చెప్పలేనని, జబ్బు మళ్ళీ తిరగబెట్టవచ్చు కూడానని వివరంగా చెప్పింది.

అన్న ఆ రోజు లేతు మిషన్ దగ్గర నుంచి నూనె చేతులతోనే వచ్చాడు. నీ కొడుకు ఎంత మాటకారో నీకు తెలుసు, సంవత్సరానికి సరిపడా మాటలు ఒక అగ్గిపెట్టెలో పడతాయి. అంతా విని ఒకటే అన్నాడు: "పిల్లల సంగతి తర్వాత. ఈమె ముడుచుకోకుండ పండుకుంటె నాకు చాలు." నాకు మొదటిసారి వాడు నా అన్న అయినందుకు గర్వంగా అనిపించింది. వాడికి చెప్పకు, తలకెక్కుతుంది.

ఆపరేషన్ మంచిగా జరిగింది. నీకు రాయకపోవడానికి కారణం వదినే. "అత్తమ్మ బుగులు పడతది, మంచిగైనంక జెప్దాం" అన్నది. తర్వాత కొన్ని నెలలు వాడమని మాత్రలిచ్చారు. ఆ మాత్రలకు ముట్టు ఆగిపోతుంది. లోపలి గాయాలు మానడానికే అలా ఆపుతారు. ఒళ్ళు రావడం, మొటిమలు రావడం కూడా వాటి ఘనకార్యమే. ఆ మాత్రలు వాడినన్నాళ్ళు కడుపు రాకుండా చూసుకోవాలి కూడా. అవి మానేశాకే ప్రయత్నం. మిగతాది పక్కింటి గోడ మీది నుంచి రాజమణక్క చూసి కట్టిన లెక్క. ఆమె మీద కోపం పెట్టుకోకు. సంతోషపు కబురు కదా అని పరుగు పెట్టింది పాపం.

మామ వచ్చిపోయిన మరుసటి బుధవారం ఇక్కడ స్త్రీల కూడిక ఉండింది. ఎప్పటిలాగే పాటలయ్యాక సాక్ష్యాలు అడిగారు. రాజమణక్క లేచి, "మన సలోమి టీచర్ మీద దేవుడు దయ జూపిండు. ఇన్నేండ్లకు ఆమెకు నోరు తెరిచే దినమొచ్చింది, స్తోత్రం" అన్నది. అందరూ "స్తోత్రం" అని తిరిగి వదిన వైపు చూశారు. నవ్వి ఊరుకుంటే ఆ పూట గడిచిపోతుంది. వదిన చేసే పనే అది, పెళ్ళైనప్పటి నుండి ఆమె నవ్వి ఊరుకోవడమే చూశాను.

లేచి నిలబడ్డది అమ్మా.

"నాకు కడుపు రాలేదు" అన్నది. ఎల్‌కేజీ పిల్లలకు పాఠం చెప్పే గొంతు, ఏ వరుసకైనా వినబడుతుంది. "నాకొచ్చింది రోగం. దాని పేరు నాకు నోరు తిరుగది, మా కృప జెప్తది అడుగుండ్రి. నెలనెల పేగులు మెలేసినట్టు నొప్పొస్తుండె. ఆడదాని రాత అనుకున్న. రాత గాదంట, రోగమంట. దానికి దవాఖాన ఉన్నదంట. మా అత్తమ్మ నా కోసం చెట్టు చెట్టు తిరిగి పొడి దంచి పంపింది. నొప్పి తగ్గలేదని నేనే ఆమెకు జెప్పలే. జెప్పకపోతె ఆమెకెట్ల ఎరుకైతది? ఆపరేషన్ అయింది. ముట్టు ఆగింది గోలీలకు, కడుపుకు గాదు. పిల్లలైతరో కారో నాకు తెల్వది. పిల్ల పుట్టినంకనే సాక్ష్యం జెప్పాల్నని ఎవరన్నరు? నేను నొప్పి లేకుండ మీ ముంగట నిలవడ్డ. నా సాక్ష్యం గిదే. మీల ఎవలకన్న గిసోంటి నొప్పి ఉంటె దాసుకోకుండ్రి."

కూర్చున్నది. ఒక్కరూ "ఆమెన్" అనలేదు. ఇలాంటి సాక్ష్యానికి ఏమనాలో ఎవరికీ తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో నేను చప్పట్లు కొట్టాను, ఒక్కదాన్నే. గుడిలో పాటకు తప్ప చప్పట్లు కొట్టరని నాకు తెలుసు. చేతులు వినలేదు. అప్పుడు రాజమణక్క లేచింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి వదిన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "నేనే తొందరపడ్డ చెల్లే. ముందుగాల్ల నిన్ను అడగకపోతి" అన్నది. దాంతో ఇక్కడి పాస్టరు అయ్యగారి భార్య గట్టిగా "ఆమెన్" అన్నది. ఇక అందరూ అన్నారు.

ఆ వారం నుండి మా ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. పంచదార అప్పుకని వస్తారు, గిన్నె తెస్తారు, పంచదార మాట మరిచిపోతారు. "టీచరమ్మా, మా బిడ్డకు గూడ గట్లనే ఉంటది, జర జెప్పు" అంటారు. వదిన చాప వేసి కూర్చోబెడుతుంది. "నేను డాక్టర్ను గాను, నీ రోగం ఏందో నాకు తెల్వది, పోయి సూపించుకో" అని ఒకే మాట చెప్పి, డాక్టరమ్మ ఉండే సందు గుర్తులు చెప్తుంది. ఒకామె కూతురికి వదిన జబ్బు కాదని, రక్తం తక్కువని తేలింది. చూపించుకున్నందుకే కదా తేలింది! ఇంత జరిగాక నేను ఈ ఇంట్లో అద్దెకున్న ఆడబిడ్డనని కాక, సలోమి టీచర్ ఆడబిడ్డనని చెప్పుకుని తిరుగుతున్నాను. మెడ కాస్త పొడుగైంది కూడా.

ఇక వదిన నీకు చెప్పమన్న మాట ఒకటుంది. నిన్న బట్టలు ఆరేస్తూ అన్నది, ఆమె మాటల్లోనే రాస్తున్నాను. "అత్తమ్మ గుడిల అందరి ముంగట స్తోత్రం జెప్పింది. ఆ మాట ఆమెనే వాపస్ తీసుకోవాల్నంటె తల ఎంత కిందికైతది? నేనే వస్త. కోత పండుగ నాడు నేనే నిలవడి జెప్త. ఆమె ఎవ్వలకు జవాబు చెప్పుకునే పని ఉండొద్దు."

"ఊళ్ళె నూరు నోళ్ళుంటయి వదినా" అన్నాను నేను.

"నోళ్ళున్నోళ్ళకు చెవులు గూడ ఉంటయి గదా" అన్నది, దండెం మీద చీర దులుపుతూ.

నీ అనుమతి అడగమంది. నువ్వు వద్దంటే రానంటున్నది. నువ్వు కుట్టిన బొంత మడిచి పెట్టెలో పెట్టుకుంది, తిరిగి పంపదట. పొడి మాత్రం ఇక పంపకు. మందు బాగాలేదని కాదు, అడగందే ఆమె ఆపదు, అందుకని నేను అడుగుతున్నాను. నీ కోడలికి నువ్వు పంపవలసింది ఒక కార్డు. అన్న పేరున కాదు, నా పేరున కాదు, సలోమి అని పేరు రాసి, "రా బిడ్డా" అని రాయి. ఆమె గుడిలో నిలబడ్డప్పుడు నువ్వు లేచి పక్కన నిలబడాలని ఆమె అడగలేదు. అడగదు కూడా. అడుగుతున్నది నేను.

నాన్నకు, యోహాను మామకు, అయ్యగారికి, వాళ్ళ ఇంటివారికి నా వందనాలు. చిన్నపిల్లలకు ముద్దులు, బర్రెకు ఒక కట్ట పచ్చిగడ్డి నా తరఫున. నీ ప్రార్థనలో మా ముగ్గురి పేర్లూ విడివిడిగా ఎత్తి అడుగు, కలిపి అడిగితే అన్న వాటా నేను కొట్టేస్తాను. నీ చెయ్యి మా తల మీద ఉన్నదనుకునే ఇక్కడ తిరుగుతున్నాం.

నీ చేతి అన్నానికి మొహం వాచిన,
సలోమి టీచర్ ఆడబిడ్డ,
కృప